మేడ మీద మందుగుండుకు లెక్క ఎవరడగాలి?

దీపావళి ఇంకా రానే లేదు, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో మేడల మీద అప్పుడే చప్పుళ్లు మొదలయ్యాయి. అవి అంగట్లో కొన్న టపాసులవి కావు. ఫోన్లో చూసి, పొడులు తెప్పించుకుని, ఇంట్లోనే కలిపి పేలుస్తున్నవి. ఆ వీడియోలు పాఠకుల ఫోన్లకూ చేరే ఉంటాయి కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. ఒక్క వీడియో మాత్రం మా డెస్కులో అందరినీ కలవరపెట్టింది. పొడి కలుపుతున్న కుర్రాడి కళ్లకు అద్దాలు లేవు. మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది. పక్కనే వంగి చూస్తున్న పిల్లవాడికి పదేళ్లు కూడా ఉండవు. వాళ్ల వెనకాల దండెం మీద చీరలు, గోడవారన ఎర్ర గ్యాస్ సిలిండర్. కింద ‘సూపర్ బ్రో’ అంటూ వరసగా కామెంట్లు.

పక్కనున్న భూపాలపల్లి బొగ్గు గనిలో షాట్‌ఫైరర్, అంటే మందు పేల్చే కార్మికుడు, ఎలా పనిచేస్తాడో ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు తక్కువ. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటే గాని మందు ముట్టుకోనివ్వరు. మ్యాగజైన్ (మందు దాచే గది) నుంచి తీసుకున్న ప్రతి డిటోనేటర్‌కూ (మందును పేల్చే చిన్న గొట్టం) సంతకం ఉండాలి. షిఫ్టు అయ్యాక మిగిలింది మిగిలినట్టు తిరిగి అప్పజెప్పాలి. డిటోనేటర్లనూ మందునూ ఒకే డబ్బాలో మోయకూడదు. రంధ్రంలో మందు కూరడానికి ఇనుప కడ్డీ వాడకూడదు. ఒక్క షాట్ పేలకుండా ఉండిపోయిందంటే ఆ చోటుకు ఎవరినీ పోనివ్వరు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న మనిషి దగ్గర ఒక్క డిటోనేటర్ లెక్క తప్పితే ఉద్యోగానికే ఎసరు. ఇంటర్ చదివే కుర్రాడికి మాత్రం అవే గుణాలున్న పదార్థాల ముడిసరుకు ఓటీపీ చెబితే గుమ్మం ముందుకు వస్తోంది. ఆ లెక్క ఏ రిజిస్టర్‌లో ఉంది? ఎవరు చూస్తున్నారు?

పిల్లల ఉత్సాహాన్ని నేరంగా చూడకూడదని, ఇలాంటివాళ్లే రేపు సైంటిస్టులవుతారని కొందరంటున్నారు. ఉత్సాహం మంచిదే. దానికి చోటు ల్యాబులో ఉండాలి, పక్కన లెక్చరర్ నిలబడి ఉండాలి. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడితే తప్ప ల్యాబు తాళం తీయని కాలేజీలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో తల్లిదండ్రులకు తెలుసు. ఫీజులు కట్టించుకుని ల్యాబు మూసి పెట్టిన యాజమాన్యాలకు ఇందులో భాగం లేదని మేమనుకోవడం లేదు.

సైంటిస్టుల మాటే వస్తే వాళ్ల చరిత్ర కూడా చెప్పుకోవాలి. నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే పేలుడు పదార్థాన్ని 1811లో కనుగొన్న ఫ్రెంచ్ శాస్త్రవేత్త డ్యులాంగ్ దాని పేలుడులోనే ఒక కన్ను, రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది అదే పదార్థంతో ఇంగ్లిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కళ్లకు గాయమైంది. 1864లో స్టాక్‌హోంలో నోబెల్ కుటుంబపు పేలుడు పదార్థాల వర్క్‌షాపు పేలినప్పుడు ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. వీళ్లంతా ఆ విద్యలో ఆరితేరినవాళ్లో, ఆ పనే చేసే కుటుంబంలో పుట్టినవాళ్లో. రెండు నిమిషాల వీడియో చూసిన పిల్లవాడు ఏ ధైర్యంతో గిన్నె ముందు కూర్చుంటున్నాడు?

ఇలా తయారయ్యేవాటిలో కొన్నింటికి నిప్పు కూడా అక్కర్లేదు. చిన్న రాపిడి చాలు, నైలాన్ చొక్కాలో పుట్టే స్థిర విద్యుత్తు చాలు. సీసా మూత మరలో ఇరుక్కున్న నలుసు, మూత తిప్పుతున్న చేతిలోనే పేలుతుంది. మోతాదు తక్కువే కదా అనుకుంటారు. చెంచాడు పదార్థం వేళ్లు తీసేయడానికి చాలు, సీసా పెంకులు కళ్లు తీసేయడానికి చాలు. నిన్న కలిపి మంచం కింద దాచింది ఈరోజు అలాగే ఉంటుందన్న భరోసా లేదు. ఎండకు, తేమకు, కలిసిన మలినాలకు అది మరింత సున్నితమవుతుంది. యాసిడ్లతో ఆడితే వచ్చే గోధుమరంగు పొగ ఇంకో ప్రమాదం. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి ఆగిపోతుంది, కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పత్రికి తెచ్చాక ఇంట్లోవాళ్లు కేసు భయంతో ‘కుక్కర్ పేలింది సార్’ అంటే డాక్టరు దేనికని వైద్యం చేయాలి? ఏం కలిపాడో దాచొద్దు. అలాంటిది ఇంట్లో కనిపిస్తే కదపొద్దు, సింకులో పారబోయొద్దు. అందరూ బయటికొచ్చి 112కు ఫోన్ చేయండి.

చప్పుడుతో కోతులను తరిమే గొట్టం తుపాకుల, అంటే కార్బైడ్ గన్నుల సంగతీ ఇంతే. కోతుల బెడదతో మక్క చేన్లు వదులుకుంటున్న రైతు గొట్టం తుపాకీ కొనుక్కుంటే అతని కష్టం మాకు అర్థమవుతుంది. అదే గొట్టం పండగ పూట పిల్లల చేతికి వెళ్లింది. 2025 దీపావళికి భోపాల్‌లోనూ, మధ్యప్రదేశ్‌లోని ఇతర ఊళ్లలోనూ నూటికి పైగా జనం, ఎక్కువగా పిల్లలే, కళ్లకు గాయాలతో ఆస్పత్రుల పాలయ్యారు. పేలలేదేమని గొట్టంలోకి తొంగి చూసినప్పుడే పేలింది చాలామందికి. మామిడికాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదని నిషేధం ఉంది. మరి మార్కెట్లోకి వస్తున్న సరుకు ఎవరి చేతికి పోతోంది? ఆ లెక్క కూడా ఎవరూ అడగరు.

చట్టం లేదని చెప్పడానికి వీల్లేదు. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం, తయారీకి పనికొచ్చే సామగ్రిని కూడా పేలుడు పదార్థంగానే చూస్తుంది. అనుమానాస్పదంగా తయారు చేసినా, దగ్గర పెట్టుకున్నా పదేళ్ల దాకా జైలు. 2012 నుంచి అమ్మోనియం నైట్రేట్‌కు విడిగా నిబంధనలున్నాయి. అవన్నీ క్వారీ కాంట్రాక్టరు మీద, గని కార్మికుడి మీద అక్షరం పొల్లుపోకుండా అమలవుతాయి. మేడ మీద పేలితే మాత్రం పెద్దమనుషులు స్టేషన్‌కు వెళ్లి ‘పిల్లవాడు, భవిష్యత్తు ఉంది’ అని మాట్లాడుకుని వచ్చేస్తారు. పిల్లవాడిని జైల్లో పెట్టమని మేమూ అనడం లేదు. కానీ అతనికి అమ్మిందెవరు? ఏ పేరుతో బిల్లు వేశారు? ఎంత కొన్నాడు, మిగిలింది ఎక్కడుంది? రాజీలో ఈ ప్రశ్నలన్నీ కలిసి మాయమవుతున్నాయి. ఇవాళ ఒకరిని వదిలితే రేపు ఆ వీధిలో ఇంకో నలుగురికి అదే ధైర్యం. ఏమీ కాదని వాళ్లకు మనమే నేర్పుతున్నాం.

మందుగుండు ఏం చేస్తుందో వరంగల్‌కు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 జులై 4న కోటిలింగాల దగ్గర బాణసంచా గోదాం పేలి పది మంది దాకా చనిపోయారు. శరీర భాగాలు ఏరుకోవాల్సి వచ్చింది. అప్పుడు కూడా తనిఖీల మాట పేలుడు తర్వాతే వినిపించింది.

కమిషనరేట్, రెవెన్యూ, విద్యాశాఖ అధికారులు ఈసారైనా ముందు కదలాలి. రసాయనాల దుకాణాల రిజిస్టర్లు తెప్పించుకోండి. ఈ వారమే తెప్పించుకోండి. ఆన్‌లైన్ కంపెనీలకు నోటీసులిచ్చి ఈ పిన్‌కోడ్‌లకు ఏమేం పంపారో అడగండి. తాళం పడిన ల్యాబులు తెరిపించండి. ఇక తల్లిదండ్రులు: కొడుకు గదిలోకి వచ్చే పార్సిల్‌లో ఏముందో తెలియదంటే ఎవరూ నమ్మరు. మేడ మీద చప్పుడు మీకూ వినపడుతోంది. పక్కింటివాళ్లు వచ్చి అడిగితే ‘మా వాడికి కెమిస్ట్రీ అంటే పిచ్చి’ అని మురిసిపోతూ చెబుతున్నది మీరే. వాడి పక్కన వంగి చూస్తున్న ఆ పదేళ్లవాడు ఎవరి పిల్లవాడో కనుక్కున్నారా?