చెవులు చూసి క్షీరదమని తేల్చేయకండి

‘పిల్లలకు జంతువుల రహస్యం’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుసార్లు వచ్చింది. బంధువులు పంపారు, అపార్ట్‌మెంట్ వాళ్లు పంపారు, మా పాప క్లాసు తల్లిదండ్రులూ పంపారు. అందులో ఉన్నవి నాలుగు ముక్కలు. చెవులు బయటికి కనిపించేవి పిల్లల్ని కంటాయి, కనిపించనివి గుడ్లు పెడతాయి. పిల్లల్ని కంటే క్షీరదం, గుడ్డు పెడితే కాదు. తిమింగలం అతి పెద్ద చేప. గబ్బిలం రక్తం తాగే పక్షి, ఇంటి పక్క చెట్టు మీద చేరితే అరిష్టం, తరిమేయాలి.

తిమింగలం పిల్లకు పాలిస్తుంది, గాలి కోసం నీటి పైకి వస్తుంది. చేప కాదు. దాని మీద ఇంతకంటే మాట్లాడను.

చెవుల సంగతి మా తాతయ్య కూడా చెప్పేవాడు. ఒప్పుకుంటాను, ఆవు, మేక, ఉడుత, కోడి, కాకి లాంటి మన వాకిట్లోని వాటికి అది సరిపోతుంది. కానీ ఒక రాయి ఎత్తి చూడండి. తేలుకు చెవులెక్కడున్నాయి? అది పిల్లల్నే కని వీపు మీద మోస్తుంది. పొలం గట్టు మీది రక్తపింజర కూడా పిల్లల్నే పెడుతుంది. అవి రెండూ క్షీరదాలైపోతాయా? ఆస్ట్రేలియాలో ప్లాటిపస్ అనే బొచ్చు జంతువు గుడ్లు పెడుతుంది. దానికి చనుమొనలు కూడా ఉండవు, పొట్ట చర్మం మీద ఊరే పాలను పిల్లలు నాకుతాయి. అది గుడ్లు పెడుతుందని 1884లో జంతుశాస్త్రవేత్త కాల్డ్‌వెల్ తేల్చాక కూడా క్షీరదాల్లోంచి తీసేయలేదు. క్షీరం ఇస్తోంది కదా!

నాకు ఒళ్లు మండింది నాలుగో ముక్కకు. రక్తం తాగే గబ్బిలాలు మూడే జాతులు, అవీ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంటాయి. మన మర్రికీ చింతకీ వేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తింటాయి, ఇప్పపూల పుప్పొడి మోస్తాయి.

పక్షి అట! మొన్నటి వేసవి గాలివానకు చింతకొమ్మ విరిగి ఒక తల్లి గబ్బిలం మా గోడ పక్కన పడింది. ఒక్క ఈక లేదు. మెడ చుట్టూ ఎర్రటి బొచ్చు, నక్క మూతి, నిక్కిన చెవులు. మీ మొదటి సూత్రం ప్రకారమే అది పిల్లల్ని కనాలి, పంపేముందు ఒక్కసారి చదవరా? చంక దగ్గరి చనుమొన నోట కరుచుకుని పిల్ల వేలాడుతోంది. ఏడాదికి ఒక్కటే పిల్ల. టపాకాయలు కాల్చి తరిమితే ఆ కంగారులో జారిపడేది ఇలాంటి పిల్లలే.

భయపడాల్సింది ఒకటుంది, అది నిజం. వీటిలో నిపా వైరస్ ఉండొచ్చు. 2018లో కేరళలో దానితో మనుషులు చనిపోయారు. అవి కొరికిన పండు తినకూడదు, కింద పడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టకూడదు. నేనూ ముట్టుకోలేదు. పాపను దూరంగా నిలబెట్టి అటవీశాఖకు ఫోన్ చేశాను.

ఆ మెసేజ్ పంపినవాళ్లలో ఒకరు ఇప్పుడు ఆ చింతచెట్టు కొట్టించడానికి సంతకాలు అడుగుతున్నారు. నేను పెట్టను.