వెక్కిరింత కావ్యాల్లో నవ్వు ఎవరి మీద పడుతోంది?

చిన్న గొడవని మహాకావ్యం ఫక్కీలో, దేవతలూ యుద్ధాలూ శపథాలూ పెట్టి చెప్పి నవ్వించడం యూరప్‌లో చాలా పాత పద్ధతి. కప్పలకీ ఎలుకలకీ యుద్ధం పెట్టిన గ్రీకు కావ్యాన్ని ఒకప్పుడు హోమరే రాశాడనుకున్నారు. ఇటలీ కవి తస్సోని 1622లో అచ్చయిన తన కావ్యంలో ఒక చెక్క బకెట్ కోసం మొదెనా, బొలోన్యా ఊళ్ల మధ్య యుద్ధం నడిపించాడు. ఇలాంటివాటిని కాలక్షేపం రచనలని పక్కన పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు. ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో గమనిస్తే కవి గురించీ, అతని కాలం గురించీ చాలా తెలుస్తుంది.

ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్‌నే తీసుకోండి. లార్డ్ పెట్రే అనే యువకుడు అరబెల్లా ఫెర్మర్ అనే అమ్మాయి జుట్టు పాయ ఒకటి కత్తిరించాడు, రెండు కుటుంబాలకీ చెడింది. అందరూ నవ్వుకుని మళ్లీ కలిసిపోయేలా ఏదైనా రాయమని ఒక స్నేహితుడు అడిగితే పోప్ ‘ది రేప్ ఆఫ్ ది లాక్’ (జుట్టు పాయ అపహరణ) రాశాడు. 1712లో రెండు సర్గలు, 1714కి అయిదు. పేకాట యుద్ధమైపోతుంది, కత్తెర ఆయుధమైపోతుంది. నాయిక అలంకరణ బల్ల మీద పౌడర్లూ ప్రేమలేఖలూ బైబిలూ అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మూడో సర్గలో మాత్రం పోప్ ఒక్క మాటలో గుండె ఝల్లుమనిపిస్తాడు: ఆకలేసిన జడ్జీలు గబగబా తీర్పు మీద సంతకం పెడతారు, జ్యూరీ భోజనానికి వెళ్లాలి కాబట్టి ఎవరో దిక్కులేనివాళ్లు ఉరికంబం ఎక్కుతారు. జుట్టు పాయ కోసం ఊరంతా గగ్గోలు పెట్టే సమాజంలో మనిషి ప్రాణం ఎంత చవకో చెప్పడానికి అతనికి రెండు పాదాలు సరిపోయాయి.

అదే పోప్ 1728లో ‘డన్సియాడ్’ రాశాడు. అతను 1725లో వేసిన షేక్స్‌పియర్ సంపుటాల్లో తప్పులున్నాయని లూయిస్ థియోబాల్డ్ అనే రచయిత మరుసటి ఏడాది ఒక పుస్తకమే వేసి చూపించాడు. ఆ కోపంతో థియోబాల్డ్‌ని మూర్ఖులకి రాజుని చేసి, డబ్బుకి రాసి పొట్టపోసుకునే చిన్న రచయితలందరినీ అతని వెనక నిలబెట్టి తిట్టాడు. పద్యం అద్భుతం, కాదనలేం. కానీ తప్పులున్నాయన్న మాట నిజం, థియోబాల్డ్ చేసిన సవరణలు కొన్నిటిని తర్వాతి సంపాదకులూ తీసుకున్నారు. మొదటి కావ్యంలో ఒక సమాజం మీద పడ్డ నవ్వు ఇక్కడ తనకంటే బలహీనుల మీద పడింది, అందుకే నా దృష్టిలో ఇది తక్కువ కావ్యం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఉక్రెయిన్ కవి ఇవాన్ కొత్ల్యారెవ్‌స్కీ ‘ఎనెయీద’. పోల్తవా ఊరికి చెందిన ఈయన రోమన్ కవి వర్జిల్ మహాకావ్యంలోని ట్రాయ్ నగరపు వీరుల్ని కొసాక్కులుగా, అంటే ఉక్రెయిన్ గడ్డి మైదానాల యోధులుగా మార్చి, తాగుతూ తింటూ బూతులాడుతూ తిరిగే గుంపుగా చూపించాడు. పైకి అల్లరే. కానీ కొసాక్కుల కోట జపోరోజియన్ సీచ్‌ని 1775లో రష్యా రాణి రెండో కేథరీన్ సైన్యం నేలమట్టం చేసింది కాబట్టి, తగలబడ్డ ట్రాయ్ నుంచి దిక్కులేక బయల్దేరిన మనుషుల్ని చదివేవాళ్లకి అది ఎవరి కథో ఇట్టే తెలిసిపోయేది. నరకంలో యముడి శిక్షలు పడేది కూడా మామూలు జనానికి మాత్రమే కాదు, కూలి రైతుల్ని పశువుల్లా చూసిన జమీందార్లని అక్కడ చిత్రహింసలు పెడతారు. ఇదంతా ఊళ్లో జనం మాట్లాడుకునే ఉక్రేనియన్‌లో, అప్పటిదాకా పుస్తకాలకి పనికిరాదనుకున్న మాటల్లో రాశాడు. మొదటి మూడు భాగాలు 1798లో ఆయన అనుమతి లేకుండానే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయ్యాయి, ఆధునిక ఉక్రేనియన్ సాహిత్యం మొదలైంది అక్కడినుంచే అంటారు. మొత్తం ఆరు భాగాలూ ఒకచోట అచ్చయ్యేసరికి 1842 వచ్చింది, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. 1876లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ ఉక్రేనియన్‌లో పుస్తకాలు వేయడాన్నే దాదాపుగా నిషేధించాడు.