పడగొట్టని దెబ్బల లెక్క

2019 యాషెస్ సిరీస్‌లో, లార్డ్స్ మైదానంలో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి మెడకు తగిలి స్టీవ్ స్మిత్ నేలకొరిగారు. వైద్యులు పరీక్షించి ఫరవాలేదన్నాక మళ్లీ బ్యాటింగ్‌కు దిగి 92 పరుగుల దాకా ఆడారు. కంకషన్ (తలకు తగిలిన అదురుతో మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం) లక్షణాలు మర్నాడు గాని బయటపడలేదు. కంకషన్ అయిన ఆటగాడి బదులు మరొకరిని దించవచ్చన్న కొత్త నిబంధన ఆ నెలలోనే అమల్లోకి వచ్చిన పుణ్యమా అని ఆయన స్థానంలో లబుషేన్ ఆడారు. అంతమంది నిపుణుల కళ్లెదుట తగిలిన దెబ్బే ఒక రాత్రి గడిస్తే గాని తేలనప్పుడు, డాక్టరు జాడే లేని పాఠశాల మైదానంలో తల పట్టుకుని లేచిన పిల్లవాడి సంగతి ఎవరికి పట్టాలి?

కంకషన్‌ను కనిపెట్టడం నిజంగానే కష్టం. సీటీ స్కాన్ పుర్రె పగులునూ రక్తస్రావాన్నీ చూపిస్తుంది. కంకషన్ అయినవారిలో చాలామందికి ఆ స్కాన్ మామూలుగానే వస్తుంది. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక రక్తపరీక్షకు అనుమతినిచ్చింది. మెదడు కణాల నుంచి రక్తంలోకి చేరే రెండు ప్రోటీన్లను కొలిచే ఆ పరీక్ష, స్కాన్ అవసరమా కాదా అన్నంత వరకే చెప్పగలదు. ఆటగాణ్ని మళ్లీ బరిలోకి దించవచ్చా అన్న ప్రశ్నకు ఇప్పటికీ వైద్యుడి వివేకమే దిక్కు.

అంతకన్నా కలవరపెట్టేవి, ఎవరినీ పడగొట్టని దెబ్బలు. పదేపదే గుద్దులు తిన్న బాక్సర్లు తడబడుతూ నడవడాన్నీ, వారి మాట ముద్దకట్టడాన్నీ హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా పాథాలజిస్టు 1928లోనే నమోదు చేశారు. బంతిని తలతో కొట్టడంలో దిట్ట అయిన ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ జెఫ్ ఆస్ల్ 59 ఏళ్లకే కన్నుమూస్తే, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బేనని 2002లో విచారణాధికారి తేల్చారు. స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లపై గ్లాస్గో పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నాడీ క్షీణత వ్యాధులతో మరణించే అవకాశం ఇతరులతో పోలిస్తే వారికి సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ.

తలపై పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు క్షీణత వ్యాధి నిర్ధారణ నేటికీ మరణానంతరమే సాధ్యం. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన 111 మంది మెదళ్లను పరిశీలిస్తే 110 మందిలో అది కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లను దానం చేస్తాయి కాబట్టి ఈ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ వర్తింపజేయకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన 631 మంది మెదళ్లపై 2023లో వెలువడిన అధ్యయనం మాత్రం విధాన నిర్ణేతలు తప్పక చదవాల్సినది. ఎన్నిసార్లు కంకషన్ అయిందన్న లెక్క సీటీఈని సూచించలేకపోయింది. ఏళ్ల తరబడి తలపై పడిన దెబ్బల మొత్తం తీవ్రత సూచించింది.

అందుకే కంకషన్‌ను పసిగట్టే పరికరాల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం పొరపాటని మా అభిప్రాయం. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో తలదెబ్బల్లో సుమారు మూడింట రెండు వంతులు సాధనలోనే తగులుతున్నాయని తేలింది. మ్యాచ్‌ను మార్చడం కష్టం కావచ్చు, సాధనను మార్చడానికి అడ్డేమిటి? పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్య 2015లోనే నిర్ణయించింది. అక్కడ సాకర్ ఆడే మన తెలుగు పిల్లలకూ ఆ రక్షణ దక్కుతోంది. ప్రపంచ రగ్బీ సంస్థ 2024 నుంచి అత్యున్నత స్థాయి పోటీల్లో సెన్సర్లున్న మౌత్‌గార్డులను తలగాయాల పరీక్షలో భాగం చేసింది.

నిఖత్ జరీన్ విజయాలు చూసి నిజామాబాద్‌లోనూ ఇతర చోట్లా ఆడపిల్లలు గ్లవ్స్ తొడుక్కుంటున్నారు. ఎంతో సంతోషించాల్సిన విషయమిది. అయితే హెడ్‌గార్డు చర్మం చిట్లకుండా కాపాడుతుందే తప్ప, పుర్రె లోపల మెదడు అదరకుండా ఆపలేదు. కబడ్డీలో పట్టు కోసం తలలు ఢీకొనడం మనకు మామూలు దృశ్యం. దిమ్మ తిరిగినవాడు లేచి నిలబడితే చప్పట్లు కొడతాం. తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు శిక్షణ కేంద్రాల్లో వారానికి ఎన్ని రౌండ్ల స్పారింగ్ (సాధన పోరు) చేయించవచ్చో పరిమితి విధించాలి. దెబ్బ తగిలిన ప్రతిసారీ రాసి ఉంచాలి. అనుమానం వచ్చిన రోజున ఆ క్రీడాకారిణిని మళ్లీ బరిలోకి దించే అధికారం కోచ్‌కు ఉండకూడదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో మెదళ్ల బ్యాంకు దశాబ్దాలుగా పనిచేస్తోంది; రిటైరైన మన బాక్సర్ల, కబడ్డీ ఆటగాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనానికి కేంద్ర క్రీడా శాఖ ఆ సంస్థతో కలిసి నిధులు కేటాయించాలి.