మామునూరు ఆకాశానికి గీత ఇప్పుడే గీయాలి

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయంలో మళ్లీ విమానం దిగాలని ఓరుగల్లు నలభై ఏళ్లకు పైగా ఎదురుచూస్తోంది. 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. పాతకాలపు 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్రం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. 2,800 మీటర్ల రన్‌వే అన్నారు. నేలను గుంటల్లో సహా లెక్కగట్టినవాళ్లు పైనున్న ఆకాశం సంగతి మాత్రం ఎత్తగా మేము వినలేదు. బరాత్ అయినా, బోనాల ఊరేగింపు అయినా, పార్టీ సభ అయినా వరంగల్, హన్మకొండల్లో డ్రోన్ లేవనిదే ముగియడం లేదు. ఎవరి అనుమతితో లేపారని అడిగే నాథుడు లేడు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల్లో గీతలు స్పష్టంగానే ఉన్నాయి. డ్రోన్ ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ పటంలోని ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల దాకా అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులకు తగ్గుతుంది. ఇంకా దగ్గరికొస్తే పటంలో పసుపో ఎరుపో ఉంటుంది, అక్కడ అనుమతి లేనిదే రెక్క కదపకూడదు. అయితే ఆ నిబంధన కొలిచేది ‘నడుస్తున్న విమానాశ్రయం’ నుంచి. 1981లో మూతపడిన మామునూరు ఆ లెక్కలోకి రాదు. ప్రారంభోత్సవం రిబ్బన్ కత్తిరించాకే గీత పడుతుందంటే, అప్పటిదాకా ఈ ఊరు నేర్చుకున్న అలవాటును ఒక్క రోజులో ఎవరు మాన్పిస్తారు? మా భయమంతా ఈ అలవాటు గురించే.

పటం తీసి చూడండి. ఖిలా వరంగల్ మామునూరుకు ఐదు కిలోమీటర్ల అటూ ఇటూ. వరంగల్ రైల్వే స్టేషన్ ఆరేడు. భద్రకాళి గుడి, వేయి స్తంభాల గుడి, ఎన్ఐటీ, ఏనుమాముల మార్కెట్ అన్నీ 12 కిలోమీటర్ల లోపలే. డ్రోన్లు ఎక్కువగా లేచేదీ ఇక్కడే.

దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే మొదలుకు ఐదు కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు దాదాపు 275 మీటర్లు, రెండు కిలోమీటర్ల దగ్గర 120 మీటర్లు. ఆకుపచ్చ ప్రాంతంలో డ్రోన్‌కు చట్టం ఇచ్చిన హద్దు కూడా సరిగ్గా ఆ 120 మీటర్లే. ఏటీఆర్-72 లాంటి చిన్న ప్రయాణికుల విమానం అక్కడ గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది, చక్రాలు నేలను తాకడానికి అర నిమిషం చిల్లర మిగిలి ఉంటుంది. కిలో బరువు కూడా లేని వస్తువును పైలట్ కన్ను ఆ వేగంలో పట్టుకోలేదు. విమానాశ్రయ రాడార్‌కు చిక్కడమూ కష్టమే.

పైగా డ్రోన్ తెరమీద కనిపించే ఎత్తు లేచిన చోటు నుంచి కొలిచింది. నాలుగంతస్తుల ఫంక్షన్ హాల్ డాబా మీద నుంచి లేపితే తెర 120 అని చూపిస్తుంది, నేల నుంచి చూస్తే అది 135 దాకా ఉంటుంది. కోటలోని ఏకశిల గుట్ట ఎక్కి లేపితే తేడా ఇంకా ఎక్కువ. రిమోట్ సిగ్నల్ తెగితే చాలా డ్రోన్లు ముందుగా నిర్ణయించిన ఎత్తుకు తమంతట తామే లేచి, ఆ తర్వాతే వెనక్కి తిరుగుతాయి. చెట్లూ కరెంటు తీగలూ తగలకుండా ఆ ఎత్తును వంద మీటర్లకు పెట్టి వదిలేసేవాళ్లుంటారు. ఇరవై మీటర్ల ఎత్తులో పెళ్లికొడుకును తీస్తున్న డ్రోన్ క్షణాల్లో విమానం దారిలో ఉండగలదు. చెడు ఉద్దేశమే అక్కర్లేదు.

చిన్నదే కదా అనుకోవడానికి వీల్లేదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చు ఆర్పుతున్న విమానం రెక్కకు అరచేతి పాటి చిల్లు పెట్టింది పావుకిలో లోపు తరగతి డ్రోనే. ఎగరేసినతను దాన్ని రెండు కిలోమీటర్లకు పైగా పంపి, కంటికి కనపడకుండా పోగొట్టుకున్నాడు. అదే తరగతికి మన దగ్గర పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. అంతే బరువున్న పక్షి కంటే డ్రోనే ఎక్కువ నష్టం చేస్తుందని అమెరికాలో పరీక్షలు చేసి తేల్చారు. పక్షి ఒళ్లు మెత్తన, డ్రోన్‌లో ఉండేది మోటార్లు, బ్యాటరీ, కెమెరా.

డ్రోన్ గ్రామీణ యువతకు ఉపాధి అనీ, పొలానికి మందు కొట్టే మహిళా సంఘాలకు ఆదాయమనీ అంటారు. నిజమే. మిర్చి, పత్తి చేల మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో తిరిగే పది లీటర్ల డ్రోన్‌తో మాకు పేచీ లేదు. ఎత్తుకు కట్టడి పెట్టి వాళ్లకు సీజన్ మొత్తానికి రాతపూర్వక అనుమతి ఇవ్వండి. పేచీ అడ్డూ ఆపూ లేకుండా పైకి లేచే కెమెరా డ్రోన్లతోనే. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించినా వాటి వాడకం ఆగలేదు. గుర్తింపు సంఖ్య లేని డ్రోన్ కూలితే యజమాని ఎవరో తేలదు.

యంత్రమే ఆగిపోతుందన్న ధీమా కూడా వద్దు. విమానాశ్రయాల దగ్గర డ్రోన్‌ను ఎగరనివ్వని సాఫ్ట్‌వేర్ తాళాన్ని ఒక పెద్ద చైనా కంపెనీ 2025 జనవరిలో అమెరికాలో తీసేసి, హెచ్చరికతో సరిపెట్టింది.

వదిలేసి తర్వాత సర్దుకుందామనుకున్నవాళ్ల గతి చూశాం. బ్రిటన్‌లో 2018 నాటికి విమానాశ్రయం చుట్టూ నిషేధం ఒక్క కిలోమీటరే. ఆ డిసెంబరులో లండన్‌లోని గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనిపించాయన్న కబురుతో దాదాపు వెయ్యి విమానాలు, లక్షా నలభై వేల మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఎగరేసింది ఎవరో తేలలేదు. 2019 మార్చిలో ఐదు కిలోమీటర్లకు పెంచారు. మామునూరు కూడా తన గాట్విక్ కోసం ఆగాలా?

‘విమానాలు రానీ, అప్పుడు చూద్దాం’ అనేవారికి ఒక మాట. విమానాశ్రయానికి లైసెన్సు రాకముందే ల్యాండింగ్ పరికరాలను సరిచూడటానికి తనిఖీ విమానాలు వస్తాయి. తక్కువ ఎత్తులో మళ్లీ మళ్లీ తిరుగుతాయి. చట్టం లెక్కలో ‘నడవని’ విమానాశ్రయం మీద మనుషులున్న విమానం తిరిగే రోజులవి. ఆ రోజులకు రక్షణ ఏది? ఎస్పీ స్థాయి అధికారి తాత్కాలిక ఎరుపు ప్రాంతం ప్రకటించవచ్చు, కానీ ఒక్కోసారికి 96 గంటలే. నిషేధాజ్ఞలు ఇస్తే రెండు నెలలు. ఇవన్నీ అతుకులు. కేంద్రం చేయాల్సింది ఒక్కటే: తనిఖీ విమానం రాకముందే మామునూరును పటంలో ఎరుపు, పసుపు గీతలతో చూపించాలి. విమానాశ్రయం రానున్న ఆదిలాబాద్‌కూ అదే వర్తింపజేయాలి. ఫంక్షన్ హాళ్ల బుకింగ్ రసీదులో డ్రోన్ గుర్తింపు సంఖ్య రాయించడం, ఫొటో స్టూడియోల డ్రోన్లను ఠాణాల వారీగా నమోదు చేయడం పోలీసులు రేపే మొదలుపెట్టొచ్చు.

ఇవాళ చూసీచూడనట్టు పోతే రేపు అదే మామూలు అవుతుంది, ఎల్లుండి హక్కు అవుతుంది. ఆ మామూలును ముందుగా పెంచుతున్నది నాయకుల సభలే. తొలి విమానం దిగే రోజున దాన్ని పై నుంచి చిత్రీకరించాలని ముచ్చటపడేదీ వీళ్లే. ఆ డ్రోన్‌కు నంబరు ఉందా, టవర్ అనుమతి ఉందా అని మంత్రి సమక్షంలోనే అడిగి దించే పోలీసు ఒక్కడైనా ఆ రోజు ఉండాలి. అది చేతకాకపోతే, మర్నాడు పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు లక్ష రూపాయల జరిమానా రాయడానికి ఏ ముఖంతో వెళ్తారు?