దొంగ లైకులకు మందు ఆధార్ కాదు

లైకులనే ఓట్లుగా లెక్కపెట్టిన బతుకమ్మ ఫొటో పోటీలో దొంగ ఓట్లు పడ్డాయని గొడవైనప్పటి నుంచి మన హనుమకొండ గ్రూపుల్లో అందరిదీ ఒకటే పాట: "వచ్చే ఏడు ఆధార్ అడగండి, అప్పుడు ఎవడు మోసం చేస్తాడో చూద్దాం." నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకో చెప్తా. కొంచెం పొడుగు పోస్టే, ఓపిక పట్టండి.

తంగేడు, గునుగు తెచ్చుకుని పొద్దంతా కూర్చుని పేర్చిన ఆడవాళ్లకు వచ్చిన లైకులు వందల్లో. అవి కూడా "వదినె, ఒక్క లైక్ కొట్టవా" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి అడుక్కున్నవే. గెలిచిన ఫొటోకేమో ఆఖరి రాత్రి వేలల్లో పడ్డాయి. ఆ ప్రొఫైళ్లు కొన్ని తెరిచి చూశాను. ఫొటో లేదు, ఊరు లేదు, పేరు వెనక ఏడెనిమిది అంకెలు. వాళ్ల ఫ్రెండ్స్ లిస్టు తెరిస్తే అందులోనూ అలాంటివాళ్లే. నిర్వాహకులను అడిగితే "లైకుల నంబరే ఫైనల్ అన్నా" అన్నారు.

ఇది మన ఊరి రోగమే అనుకోకండి. 2009లో టైమ్ పత్రిక, ప్రపంచంలో ఎక్కువ ప్రభావం ఉన్నవాళ్లెవరో చెప్పమని ఆన్‌లైన్ ఓటింగ్ పెడితే, ఫోర్‌చాన్ సైట్ కుర్రాళ్లు ప్రోగ్రాములు రాసి తమ సైట్ పెట్టినాయన్నే మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. అంతటితో ఆగారా? మొదటి 21 పేర్ల తొలి అక్షరాలు కలిపి చదివితే తమకు కావాల్సిన మాటలు వచ్చేలా వరుస మొత్తం పేర్చారు! ఇక 2019 మొదటి మూడు నెలల్లోనే ఫేస్‌బుక్ దాదాపు 220 కోట్ల ఫేక్ అకౌంట్లు తీసేశానని తానే చెప్పుకుంది.

ఓటీపీ పెడితే? మన దేశంలో చాలా రాష్ట్రాల్లో ఒక్క మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌లు ఉండొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. అంటే చెయ్యి తిరిగినవాడికి తొమ్మిది ఓట్లు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉన్నచోట అందరికీ కలిపి ఒకటి. ఇదేం న్యాయం?

ఆధార్ సంగతి ఇంకా ఘోరం. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగేందుకు దారి ఇచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57లోని భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. కోర్టు అంత జాగ్రత్తపడ్డ కార్డును, ఒక చీర బహుమతి కోసం మా అత్తమ్మ ఎవరి వాట్సాప్‌కో ఫొటో తీసి పంపాలట. ఆ ఫొటో అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు? దొంగ లైకుల కన్నా నాకు ఆ టెన్షనే ఎక్కువ.

ఒక్కడే వందమంది వేషాల్లో రావడాన్ని కంప్యూటర్ వాళ్లు 'సిబిల్ దాడి' అంటారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లోని జాన్ డౌసర్ 2002లోనే తేల్చాడు: ఎవరు ఎవరో ధ్రువీకరించే నమ్మకమైన కేంద్రం ఒకటి లేకపోతే దీన్ని పూర్తిగా ఆపడం ఆచరణలో కుదరదని. ఆధార్ కావాలనేవాళ్లకు ఈ మాట బాగా నచ్చుతుంది. కానీ దొంగ ఓటును పూర్తిగా ఆపడం వేరు, పడినా పనికిరాకుండా చేయడం వేరు. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు 2009లో 'సమ్‌అప్' అనే పద్ధతితో ఈ రెండో పనే చేశారు.

మన పాకాల చెరువునే తీసుకోండి. లోపల నీళ్లెన్ని ఉన్నా తూము ఎంత ఉంటే పొలానికి అంతే వస్తాయి. దొంగ అకౌంట్లు కూడా అంతే. తమలో తాము ఎన్ని లక్షల స్నేహాలైనా కలుపుకోగలవు, అది ఉచితం. అసలు మనుషులతో స్నేహం సంపాదించడమే కష్టం. అందుకే సమ్‌అప్ ఓట్ల తలలు లెక్కపెట్టదు, ఆ ఓటు ఏ పరిచయాల మీదుగా నడిచి వచ్చిందో చూస్తుంది, ఒక్కో పరిచయం గుండా ఇన్ని ఓట్లకే దారి అని కొలత పెడుతుంది. దొంగల గుంపు వెయ్యిమంది ఉన్నా, అసలు మనుషులతో వాళ్లకున్న లింకులు పది అయితే లెక్కకు వచ్చే ఓట్లు దాదాపు అంతే. ఎవరి కార్డూ అడిగే పని లేదు.

లోపం లేదనను. భూపాలపల్లి నుంచి వచ్చి నిన్ననే హాస్టల్లో చేరిన, ఇక్కడ ఎవరూ తెలియని అమ్మాయి ఓటు లెక్కకు రాకపోవచ్చు. ఆ బాధ నిజమే. ఇక వచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఒప్పుకుని ఐదువేల ఫ్రెండ్స్ నింపుకున్న మన తమ్ముళ్లు ఉన్నారు చూడండి, తూము పెద్దది చేసేది వాళ్లే. వాళ్లను ఏ ఆధార్ కూడా బాగుచేయలేదు.

నిర్వాహకులకు నేను చెప్పేది చిన్న పని. బహుమతి ప్రకటించే ముందు లైక్ కొట్టినవాళ్ల పేర్లు గ్రూపులో పెట్టండి. మన ఊరి పాత సభ్యులెవరికీ తెలియని పేర్లన్నీ ఒకే అకౌంట్ దగ్గర కలుస్తుంటే, ఆ గుంపు మొత్తాన్నీ ఒక్క ఓటుగా రాయండి. ఇద్దరు కాలేజీ పిల్లలను కూర్చోబెడితే ఒకటి రెండు సాయంత్రాల్లో తేలిపోతుంది. ముందు ఈ ఏడు ఫలితం మీదే ఈ లెక్క వేసి చూడండి. గెలిచింది ఇంకొకరని తేలితే ఇచ్చిన చీర వెనక్కి అడగకండి, బాగుండదు. రెండో చీర నేను కొనిస్తా.