లేఅవుట్ ఆర్చి గారికి

బెంగళూరు సర్జాపుర రోడ్డు పక్కన, నిన్నమొన్నటి దాకా రాగిచేను ఉన్నచోట వెలసిన ఆర్చి గారికి నమస్కారాలు.

మీ సిమెంటు ఏనుగుల్నీ నీలం లైట్లనీ చూసి మా ఊరి ఎద్దులు బెదురుతున్నాయని గిట్టనివాళ్లు అంటున్నారు. నమ్మకండి. ఎద్దుల్ని అమ్మేసి చాన్నాళ్లయింది.

'పల్లె వాతావరణంలో ప్రశాంత జీవనం' అని నుదుటన రాయించుకున్నారు. పల్లెను తీసేసి వాతావరణం మాత్రం ఉంచడం మీకే చెల్లింది. బ్రోషర్లో గుండుతోపు, అదే మా ఊరుమ్మడి తోపు, మామిడిచెట్లు నిండుగా ఉన్నాయి. ఫొటో దిగాకే కొట్టేశారు లెండి, మర్యాద తెలిసినవాళ్లు. వాటి చోట దిగిన కుండీల్లో మొక్కలు నీడనివ్వవు, కాయ కాయవు, మెయింటెనెన్సు మాత్రం నెలనెలా వసూలవుతోంది.

మీ మీద రాజకాలువ మింగారన్న నింద ఒకటుంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే నీళ్లు కిందిచెరువుకు నడిచే దారి అది. నక్షలో కాలువ, మీ ప్లానులో మెయిన్ రోడ్డు. నీళ్లకేమో విజిటర్ రిజిస్టరులో సంతకం పెట్టే అలవాటు లేదు. 2022 సెప్టెంబరు వానలకు ఈ రోడ్డు పొడుగునా నేరుగా బెడ్రూముల్లోకే వచ్చేశాయి. ఐటీవాళ్లు ట్రాక్టరెక్కి ఆఫీసులకు వెళ్లారు. చేలు పోయినా ట్రాక్టర్లు మిగిలాయి కాబట్టి సరిపోయింది.

మీరేం దిగులు పడకండి, పెద్దల దారిలోనే ఉన్నారు. మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువులో ఉంది, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో. చెరువు చుట్టూ 75 మీటర్లు ఏమీ కట్టకుండా వదలమని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంటే, 2019లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మాస్టర్ ప్లాను చెప్పే 30 మీటర్లే మిగిలాయి. అందులోనూ మీరు వాకింగ్ ట్రాకు పరిచి, దానికి 'లేక్ వ్యూ' అని పేరు పెట్టారు.

ఇక అసలు సంగతి. మీ వెనక మిగిలిన ఆ ఒక్క రాగిచేనూ మా చిన్నాన్నది. అటువైపు బాల్కనీ ఉంటే 'ఓపెన్ వ్యూ' అని చదరపు అడుక్కి అదనంగా లాగుతున్నారట. దున్నేది ఆయన, కలుపు తీయించేది ఆయన, వానరాకపోతే మునిగేది ఆయన, వ్యూ డబ్బులు మీకు. అందులో ఆయన వాటా ఎంతో చెప్పండి. రాగులకు వద్దు, మీ ఎదుట ఇల్లు కట్టకుండా ఊరుకున్నందుకు ఇవ్వండి.

జవాబు కాస్త త్వరగా పంపండి. వచ్చే శుక్రవారం ఆయన అడ్వాన్సు తీసుకుంటున్నాడు. కొనేది మీవాళ్లేనట.

ఇట్లు,
పక్క సర్వే నంబరువాడు