బండికి ఇన్సూరెన్స్ ఉంది సరే, రోడ్డు మీద వైరు సంగతేంటి?

రాత్రిపూట హైదరాబాద్ కాలనీల్లో నడిచేవాళ్లెవరికీ ఇది కొత్త కాదు. గేటు బయట రోడ్డు మీద ఎలక్ట్రిక్ కారు, పైన బాల్కనీలోంచి దానిదాకా వేలాడుతున్న చార్జింగ్ వైరు. ఎవరైనా చూసి ఇదేంటని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నా". ఆ ధీమా చూస్తేనే నాకు భయం. ఎందుకంటే ఆ ఇన్సూరెన్స్ కారుది. వైరుకి తగిలి ఎవరికైనా ఏమైనా అయితే అది ఎంతవరకు ఆదుకుంటుందో కారు కొన్నవాళ్లలో చాలామంది ఒక్కసారి కూడా అడిగి చూడలేదు.

మా వీధిలోదే చెప్తాను. రెండో అంతస్తు నుంచి వైరు మునగచెట్టు కొమ్మకి చుట్టుకుని కిందికి వస్తుంది. అక్కడ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, వాన నీళ్లు పడకుండా దానికి పాలిథిన్ కవరు కట్టి ఉంటుంది. బాక్సు నుంచి కారుదాకా ఉన్న వైరు మీద గోనెసంచి పరిచారు, కాళ్లకి తగలకుండా. దాని మీదుగా వాటర్ ట్యాంకర్ వెళ్తుంది, ఇస్త్రీ బండి వెళ్తుంది, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లల సైకిళ్లు వెళ్తాయి. ఒకరోజు ఆ బాక్సులో ప్లగ్గు చూశాను. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కాస్త ఉబ్బి ఉంది. మామూలు హోమ్ చార్జర్ పదిహేను ఆంప్స్ సాకెట్ నుంచి మూడు కిలోవాట్లకి పైనే లాగుతుంది, అదీ రాత్రంతా. గీజర్‌ని పొద్దున్నే ఇరవై నిమిషాలు వేసి తీసేస్తాం కదా, ఇది ఆపకుండా ఎనిమిది, తొమ్మిది గంటలు. సన్న వైరు, వదులు ప్లగ్గు ఆ లోడ్‌కి వేడెక్కక ఏమవుతాయి?

ఇది నా చాదస్తం అనుకునేవాళ్లు కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు చూడండి. చార్జింగ్ పాయింట్ల కోసమే రాసినవి. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. బండి పెట్టే చోటు చార్జింగ్ పాయింట్‌కి 5 మీటర్ల లోపే ఉండాలి. కరెంటు లీకైతే 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే సప్లై కట్ చేసే పరికరం ఉండాలి. చార్జింగ్ వైరుకి ఎక్స్‌టెన్షన్ వైరు అసలు కలపకూడదు, అడాప్టర్ పెట్టకూడదు. ఇప్పుడు మునగచెట్టు కింద ఆ బాక్సుని ఇంకోసారి చూడండి. వీటిలో ఒక్కటన్నా పాటించినట్టుందా?

ఇక ఇన్సూరెన్స్. మనం తీసుకునే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో రెండు భాగాలుంటాయి. మొదటిది మన బండికి జరిగే నష్టం. మంటలు, పేలుడు, దానంతటదే అంటుకోవడం ఇందులోకి వస్తాయి, కానీ ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ రాదు. రెండోది థర్డ్ పార్టీ. బండి "వాడకం వల్ల" జరిగిన ప్రమాదంలో బయటివాళ్లకి మనం చెల్లించాల్సినది. చిక్కంతా ఆ వాడకం దగ్గరే ఉంది. రాత్రి రెండింటికి కారు ఆపి, తాళం వేసి, మనం పైన నిద్రపోతుంటే, వైరుకి తగిలి ఒకడు పడిపోయాడు. అది బండి వాడకమా, ఇంటి వైరింగ్ లోపమా? కంపెనీ లాయరు రెండోదే అంటాడు. వైరు మోటారు వాహనం కాదు, అది ఇంటి మీటరు నుంచి వచ్చింది, మాకేం సంబంధం అంటాడు.

మన వైపూ వాదన లేకపోలేదు. 1987లో మహారాష్ట్రలో హైవే పక్కన ఒక పెట్రోలు ట్యాంకర్ బోల్తా పడింది. పెట్రోలు కారుతూ ఉంది, గంటల తర్వాత అది పేలి చుట్టూ చేరినవాళ్లు కాలిపోయారు. ఆగిపోయిన బండి వాడకంలో ఉన్నట్టు ఎలా అవుతుందని ఇన్సూరెన్స్ వాళ్లు వాదిస్తే, అవుతుందనే సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. కదలకుండా పడి ఉన్న బండి కూడా వాడకం కిందికి వస్తుంది. చార్జింగ్‌లో ఉన్న కారు వల్ల నష్టపోయినవాళ్ల లాయరు ఈ తీర్పునే పట్టుకుంటాడు. బాధితుడికి అది బలమే. కానీ అది ట్యాంకర్‌లోంచే కారిన పెట్రోలు. బాల్కనీ నుంచి దించిన వైరు గురించి కాదు. ఆ తేడా తేలేలోపు ట్రిబ్యునల్, హైకోర్టు అంటూ ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలి?

ఇంకో తీర్పు నన్ను మరీ కలవరపెట్టింది. మధ్యప్రదేశ్‌లో వానపడ్డ రాత్రి సైకిల్ మీద ఇంటికి వెళ్తున్న మనిషి రోడ్డు నీళ్లలో పడి ఉన్న కరెంటు వైరు తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాక్కోవడానికి వేసుకున్న వైరు అది, మా తప్పేం లేదు అంది విద్యుత్ బోర్డు. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన పని చేసేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా, హాని జరిగితే నష్టపరిహారం కట్టాల్సిందే అంది. బోర్డుకే ఆ మాట అంటే, తెలిసి తెలిసి తన వైరుని జనం నడిచే రోడ్డు మీదికి తెచ్చినవాడికి "గోనెసంచి కప్పానండి" అన్న సమాధానం ఏం పనికొస్తుంది? పైగా మనిషి ప్రాణం పోతే, నిర్లక్ష్యంతో చావుకి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది, ఐదేళ్లదాకా జైలు. ఏ పాలసీ తీసుకున్నా జైలుకి మనమే వెళ్లాలి.

ఆస్తి నష్టం లెక్క ఇంకో రకం. థర్డ్ పార్టీ ఆస్తికి ప్రైవేటు కారు పాలసీలో పరిమితి 7.5 లక్షలు. పక్కన ఆపిన ఒక్క పెద్ద బండి కాలితేనే అది చాలదు. మన సొంత గేటు, ప్రహరీ, ఇల్లు ఆ భాగంలోకి రానే రావు. ఇంటి పాలసీ ఉందంటారేమో. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష ఇంటికి, సామానుకి జరిగే నష్టం చూస్తుంది. దారిన పోయేవాడికి మనం కట్టాల్సిన పరిహారం దాని పని కాదు.

నేను ఒక కంపెనీకి ఫోన్ చేసి ఇదే అడిగాను. "కాంప్రహెన్సివ్ కదా సార్, అన్నీ కవరవుతాయి" అంది అవతలి అమ్మాయి. సరే, ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమ్మా అన్నాను. బ్రాంచికి వెళ్లి మాట్లాడమంది.

కారు కొన్నవాళ్లనే తిట్టడం నాకు ఇష్టం లేదు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసి కొనమన్నది ప్రభుత్వమే. థర్డ్ పార్టీ ప్రీమియంలో 2022 నుంచి 15 శాతం తగ్గింపు ఇచ్చింది కేంద్రం. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే చార్జ్ చేసుకోవచ్చని కేంద్రం మార్గదర్శకాలు కూడా చెప్తున్నాయి. తీరా కొన్నాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు సెల్లార్‌లో చార్జర్ పెట్టనివ్వరు, మంటలొస్తాయని భయం. పార్కింగే లేని పాత ఇళ్లలో ఉండేవాళ్లయితే ఇంకెక్కడ పెట్టుకుంటారు? వీధిలోనే పెట్టుకుంటారు. సెల్లార్‌లో బ్రేకరు, ఎర్తింగు సరిగ్గా పెట్టించి చార్జ్ చేయడం కంటే, వానలో రోడ్డు మీద చార్జ్ చేయడమే క్షేమం అనుకునే అసోసియేషన్లతో ఎన్నిసార్లు వాదించాలో!

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లకి ఈ గొడవ తెలుసు. అక్కడా వరస ఇళ్లు, రోడ్డు మీదే పార్కింగ్. ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల కౌన్సిలే ఫుట్‌పాత్‌లో సన్నటి గాడి తీయించి, వైరు అందులో పడుకునేలా చేస్తోంది. అనుమతి, బాధ్యత ముందే కాగితం మీద ఉంటాయి. మన మున్సిపాలిటీలు ఫైబర్ కేబుల్ కోసం రోడ్డు తవ్వుకోవడానికి ఫీజు కట్టించుకుని అనుమతి ఇస్తాయి కదా, దీనికీ అలాగే ఇవ్వొచ్చు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయాకే అధికారులకి స్తంభాల మీద వేలాడే కేబుళ్లు గుర్తొచ్చాయి. ఈసారి కూడా ఎవరో పోయేదాకా ఆగాలా? చార్జింగ్‌లో ఉన్నప్పుడు మూడో మనిషికి జరిగే హాని థర్డ్ పార్టీలోకి వస్తుందా రాదా అన్నది పాలసీలోనే ఒక్క వాక్యంలో రాయించడానికి ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐకి అడ్డం ఏముంది?

అది జరిగేలోపు ఈ మూడు వాక్యాలు కాపీ చేసుకుని మీ కంపెనీకి మెయిల్ పెట్టండి. "నా కారు ఇంటి బయట ప్రజల రోడ్డు మీద ఆపి, నా ఇంటి మీటరు నుంచి చార్జ్ చేస్తున్నాను. ఆ సమయంలో వైరు వల్లగానీ, చార్జర్ వల్లగానీ, కారు వల్లగానీ బయటివాళ్లకి గాయమో, మరణమో, ఆస్తి నష్టమో జరిగితే నా పాలసీ ఏ సెక్షన్ కింద, ఎంతవరకు చెల్లిస్తుంది? దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి." పాలసీ నంబరు వేయడం మర్చిపోకండి. జవాబు వస్తే కింద కామెంట్లలో పెట్టండి, కంపెనీలవారీగా ఒకచోట చేరుస్తాను. అప్పటిదాకా ఆ వైరు పైన ఇంట్లోనే ఉండనివ్వండి, చార్జింగ్ స్టేషన్ ఎంత దూరమైనా సరే.